పబ్బూ, పాకా, పర్మిట్ రూమూ

పబ్బు అనే మాట తెలుగు పత్రికలో కనబడగానే మనవాళ్ళలో చాలామందికి మొహం ముడుచుకుపోతుంది. చెవులు చిల్లులుపడే సంగీతం, కళ్ళు చెదిరే దీపాలు, చేతికందకుండా పోతున్న పిల్లలు - ఇవే గుర్తుకొస్తాయి. మా మడివాళ చుట్టుపట్ల, కోరమంగళలో, బి.టి.ఎం. లేఅవుట్లో అలాంటివి కావలసినన్ని ఉన్నాయి గనుక వాళ్ళను తప్పు పట్టలేం. అయితే ఆ పేరు ఏ ఇంటినుంచి వచ్చిందో ఆ ఇల్లు వేరు. అది ఇంగ్లండులో ప్రతి ఊరి మధ్యా ఉండే పాత ఇల్లు. తక్కువ ఎత్తు కప్పు, నల్లబడిన దూలాలు, గోడలో మండే నిప్పు, అరిగిపోయిన చెక్క బెంచీలు, పేరుపెట్టి పలకరించే యజమాని. పబ్బు అంటే ‘పబ్లిక్ హౌస్’కి పొట్టిపేరు. మన మాటల్లో చెప్పాలంటే పదిమంది ఇల్లు.

ఆ పదిమంది ఇల్లు వాళ్ళకి ఎలా ఏర్పడింది? మనకి ఎందుకు ఏర్పడలేదు? ఇక్కడ చర్చించదలచుకున్నది ఇదే. మద్యపానం మంచిదా చెడ్డదా అన్న వాదం ఇది కాదు. కామర్సు చదివి, లైసెన్సులూ తనఖాలూ చూస్తూ బ్యాంకులో జీవితం గడిపినవాడిని గనుక, నాకు ఈ కథలో గ్లాసుకంటే గది, గదికంటే దాని వెనుక ఉన్న కాగితం ఎక్కువ ఆసక్తి కలిగించాయి.

ముందు ఇంగ్లండు సంగతి. చలిదేశం. ఏడాదిలో సగం రోజులు వాన. పేదవాడి ఇంట్లో నిప్పుకీ వెలుతురుకీ కరువు. వీధి చివర ఒక ఇంట్లో నిప్పు మండుతూ, నాలుగు బెంచీలు వేసి ఉంటే, అక్కడికి చేరటంలో వింతేముంది? తాగేది కూడా బార్లీతో కాచిన ‘ఏల్’. ఘాటు తక్కువ. చాలా ఊళ్ళలో దాన్ని కాచి అమ్మినవాళ్ళు ఆడవాళ్ళే. ఇంటి ముందు ఒక కర్ర నిలబెట్టి దానికి రొట్ట కడితే, ‘ఏల్ సిద్ధంగా ఉంది, రండి’ అని అర్థం. 1393లో రెండో రిచర్డు రాజు ఇలాంటి ఇళ్ళన్నీ విధిగా గుర్తు బోర్డు పెట్టాలన్నాడు. చదువురాని జనానికి బొమ్మే అక్షరం, మన ఎన్నికల గుర్తుల్లాగే. ఆ రాజుగారి ముద్ర తెల్లజింక. ఈనాటికీ ఇంగ్లండులో ఎన్నో పబ్బుల పేరు ‘వైట్ హార్ట్’.

1552లో వచ్చిన చట్టం నా దృష్టిలో అసలు మలుపు. ఆ చట్టం ప్రకారం ఏల్ అమ్మదలచినవాడు ఇద్దరు స్థానిక మేజిస్ట్రేట్ల దగ్గర అనుమతి తీసుకోవాలి. ఊరికే కాదు, తన ఇంట్లో సద్దు సవ్యంగా ఉంటుందని జామీను రాసివ్వాలి. గొడవ జరిగితే జామీను పోతుంది, అనుమతీ పోతుంది. అంటే, ఎక్కువ డబ్బు పాడినవాడికి కాక, నెమ్మదిగా ఇల్లు నడపగలవాడికి అమ్ముకునే హక్కు దక్కాలన్నది సూత్రం. అమలులో లోపాలు లేకపోలేదు. కానీ సూత్రం అది.

ఇదంతా విని అక్కడ అంతా పాలూ తేనే ప్రవహించాయని అనుకోకూడదు. 18వ శతాబ్దం మొదటి సగంలో లండన్ పేదల్ని జిన్ను అనే చౌక సారా పీల్చి పిప్పిచేసింది. 1736లో ఒకటి, 1751లో ఇంకొకటి, దాన్ని అదుపు చెయ్యటానికి చట్టాల మీద చట్టాలు చేశారు. ఆ 1751లోనే హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు చెక్కాడు. ఒకటి ‘బీరు వీధి’: జనం పుష్టిగా, పనిపాటలతో కనిపిస్తారు. రెండోది ‘జిన్ను సందు’: మత్తులో ఉన్న తల్లి ఒడిలోంచి పసిబిడ్డ జారిపడుతుంటాడు. బీరుకీ సారాకీ మధ్య ఈ తేడాను ఇంగ్లీషువాడు రెండున్నర శతాబ్దాల కిందటే పట్టుకున్నాడు. ఈ మాట గుర్తుంచుకుందాం, మన కథలో మళ్ళీ కావలసి వస్తుంది.

1830లో మరో చట్టం వచ్చింది. పన్ను కట్టే ఏ గృహస్థయినా రెండు గినీలు చెల్లిస్తే చాలు, మేజిస్ట్రేటు ముఖం చూడకుండా బీరు అమ్ముకోవచ్చు. జిన్ను నుంచి జనాన్ని మళ్ళించాలన్నది ఉద్దేశం. వేలకు వేలు బీరు ఇళ్ళు పుట్టాయి. ఆపైన భయం పుట్టింది. 1869లో కళ్ళెం మళ్ళీ మేజిస్ట్రేట్ల చేతికి వచ్చింది. ఇక కొత్త లైసెన్సులు దొరకటం కష్టమైంది. దొరకని వస్తువుకి విలువ పెరుగుతుందని కామర్సు మొదటి పాఠం. బీరు కాచే కంపెనీలు ఉన్న పబ్బుల్ని కొనటానికి ఎగబడ్డాయి. 1886లో గిన్నిస్ కంపెనీ షేర్లు జనానికి అమ్మింది. దాని వెనకే మిగతావీ. అలా పోగుచేసిన పెట్టుబడి పబ్బుల్ని కొనటానికీ, వాటి యజమానులకు తనఖాల మీద అప్పులివ్వటానికీ పోయింది.

ఇప్పుడు మనం ‘పాత ఇంగ్లీషు పబ్బు అందం’ అనుకునే దానిలో చాలాభాగం ఆ ఇరవై ముప్ఫై ఏళ్ళలో కట్టిందే. మహాగని చెక్క కౌంటర్లు, పూలు చెక్కిన అద్దాలు, ఇత్తడి కడ్డీలు, రంగు పలకలు - ఇవన్నీ అప్పుడొచ్చాయి. ఒకే కప్పు కింద వేర్వేరు గదులుండేవి. పనివాళ్ళకి ‘పబ్లిక్ బార్’, కాస్త తెల్లచొక్కా వారికి ‘సెలూన్ బార్’, ఎవరికంటా పడకుండా కూర్చోదలచినవారికి ‘స్నగ్’ అనే చిన్న కొట్టు. ఎదుటి గదివారికి మొహం కనబడకుండా కౌంటరు మీద తిరిగే అద్దపు రెక్కలు కూడా ఉండేవి. గదిని బట్టి ధర. ఆ వెచ్చదనంలో కులం వంటిది కొంత కలిసే ఉందని ఒప్పుకోవాలి.

అయినా ఆ గదులు నిలిచాయి. కారణం, కట్టినవాడికి అవి పది ఇరవై ఏళ్ళయినా తన చేతిలో ఉంటాయన్న నమ్మకం ఉంది. లైసెన్సు ఏటేటా కొత్తగా తెచ్చుకోవలసిందే. కానీ ఇల్లు సవ్యంగా నడిచినంతకాలం అది పోదని అందరికీ తెలుసు. మరీ ఎక్కువైన పబ్బుల్ని తగ్గించాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు కూడా, 1904 చట్టంతో నష్టపరిహారం ఇచ్చి మరీ తగ్గించింది. ఇంత భద్రత ఉన్న వ్యాపారానికి ఏ బ్యాంకరైనా అప్పిస్తాడు. అప్పు దొరికినవాడు మంచి కుర్చీ కొంటాడు. మంచి కుర్చీ ఉన్నచోట మనిషి నెమ్మదిగా కూర్చుంటాడు. నెమ్మదిగా కూర్చున్నవాడు మాట్లాడతాడు. పబ్బు సంస్కృతికి పునాది ఈ కుర్చీ.

ఆ సంస్కృతికి అందరికన్నా అందమైన వర్ణన రాసినవాడు జార్జి ఆర్వెల్. 1903లో మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి ఇంగ్లీషు ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. ఆర్వెల్ 1946 ఫిబ్రవరిలో లండన్ సాయంకాలపు పత్రిక ‘ఈవినింగ్ స్టాండర్డ్’లో తనకిష్టమైన పబ్బు గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. పేరు ‘ది మూన్ అండర్ వాటర్’. అక్కడ రేడియో లేదు, పియానో లేదు, కాబట్టి మాట్లాడుకోవచ్చు. వడ్డించే ఆడవాళ్ళకి వచ్చేవాళ్ళ పేర్లు తెలుసు. తలనొప్పి మాత్రలూ తపాలా బిళ్ళలూ దొరుకుతాయి. వెనుక తోట ఉంది, పిల్లల్ని వెంటబెట్టుకుని సంసారులు వచ్చి కూర్చోవచ్చు. ఇలా పది గుణాలు చెప్పి, చివరికి అలాంటి పబ్బు ఎక్కడా లేదని తేల్చేస్తాడు. లేని ఇంటిని గురించి రాసిన ఆ వ్యాసాన్ని పట్టుకుని తరువాతి కాలంలో నిజం పబ్బులకే ఆ పేరు పెట్టుకున్నారు. ఆయన ఎంచిన పదింటిలో మద్యానికి సంబంధించినవి రెండో మూడో. మిగిలినవన్నీ నిశ్శబ్దం, పరిచయం, పిల్లలు, చోటు.

ఆ ఇంటి తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదన్నది కూడా చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. 1965 వరకు ఇంగ్లండులో మన దేశస్థుల్నీ నల్లవాళ్ళనీ లోపలికి రానివ్వని పబ్బులు ఉండేవి. రానిచ్చినా వేరే గదిలో కూర్చోమనేవారు. బర్మింగ్‌హాం పక్కన స్మెథిక్‌లో మన పంజాబీ కార్మికులు ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ తరఫున దీనిపై పోరాడారు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లవారి నాయకుడు మాల్కం ఎక్స్ స్వయంగా ఆ ఊరు వచ్చి, ఆ కార్మిక నాయకులతో కలిసి పబ్బులో అడుగుపెట్టాడు. ఆ ఏడాదే బహిరంగ స్థలాల్లో వర్ణవివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇక ఆడవాళ్ళ సంగతి. లండన్‌లో పత్రికలవారి వీధి ఫ్లీట్ స్ట్రీట్‌లో ‘ఎల్ వినో’ అనే ప్రసిద్ధ పానశాల ఉండేది. ఆడవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి అడిగితే అక్కడ ఇచ్చేవారు కాదు, వెనుక గదికి పోయి కూర్చోమనేవారు. 1982లో అప్పీలు కోర్టు అది తప్పని తీర్పు చెప్పింది. పదిమంది ఇల్లు అన్న పేరు నిజం కావటానికి కోర్టులూ ఉద్యమాలూ అవసరమయ్యాయన్నమాట.

*

ఇక మన వైపు వద్దాం. దొరలు ఇన్ని తెచ్చారు గదా, మరి పబ్బుని ఎందుకు తేలేదు? బెంగళూరునే తీసుకుందాం. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక, 1809 నాటికి ఇక్కడ దండు వెలిసింది. ఒకపక్క కెంపేగౌడ కట్టిన పేట: చిక్కపేట, బళేపేట, అందులో మన తెలుగు వర్తకులూ నేతగాళ్ళూ. మధ్యలో ఖాళీ మైదానాలు. ఆ అవతల కంటోన్మెంటు. ఈ రెండూ 1949లో గాని ఒక నగరపాలన కిందికి రాలేదు. అప్పటికి మడివాళ ఊరికి దూరంగా ఉన్న పల్లె. సోమేశ్వరుడి గుడి గోడల మీద తమిళ శాసనాలుంటాయి. అన్నిటిలోకి పాతది 1247 నాటిది. మడివాళ అంటే కన్నడంలో చాకలి. మన మడేలయ్య ఆ మాటకి చుట్టమే.

కంటోన్మెంటులో ఇంగ్లీషువాళ్ళు తాగలేదా అంటే, బ్రహ్మాండంగా తాగారు. మొదట్లో ఇంగ్లండు నుంచి ఆరునెలలు ఓడలో కుదిపి తెచ్చిన బీరు. 18వ శతాబ్దం చివర లండన్‌లో బో అనే పేటనుంచి హాడ్జ్‌సన్ కంపెనీ పంపేది. 1820 తర్వాత బర్టన్ ఊరివాళ్ళు పోటీకి వచ్చారు. అలా మన దేశం కోసం కాచిన రకానికే ‘ఇండియా పేల్ ఏల్’ అన్న పేరు నిలిచింది. తర్వాత ఇక్కడే చల్లటి కొండల మీద కాయటం నేర్చారు. ఉత్తరాన కసౌలీ, దక్షిణాన నీలగిరి. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండువాడు నీలగిరి, బెంగళూరు, మద్రాసుల్లోని ఐదు చిన్న బట్టీల్ని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. దాని ముఖ్యమైన ఖాతాదారు తెల్ల సైన్యం. 1947లో విఠల్ మాల్యా ఆ కంపెనీకి మొదటి భారతీయ డైరెక్టరయ్యాడు.

బీరు వచ్చింది గాని పబ్బు రాలేదు. దాని బదులు దొరలు క్లబ్బు తెచ్చారు. పబ్బుకీ క్లబ్బుకీ ఒక్క అక్షరం తేడా, కాని లోకమంత దూరం. పబ్బు తలుపు తోసుకుని ఎవడైనా లోపలికి పోవచ్చు. క్లబ్బు తలుపు దగ్గర పేరు అడుగుతారు. అధికారులకి 1868లో మొదలైన యునైటెడ్ సర్వీసెస్ క్లబ్బు, అంటే నేటి బెంగళూరు క్లబ్బు. సిపాయిలకి రెజిమెంటు కాంటీను. కోలారు బంగారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ కార్న్‌వాల్ నుంచి గనిపనివాళ్ళని తెచ్చింది. అక్కడా క్లబ్బే వెలిసింది. ఆ గనుల్లోకి దిగిన మన చిత్తూరు వైపు జనానికీ తమిళులకీ దక్కింది సారా దుకాణమే. బెంగళూరు క్లబ్బువారి దగ్గర 1899 జూన్ నాటి ఖాతా పుస్తకం ఒకటి ఉంది. రాని బాకీల జాబితాలో లెఫ్టినెంట్ చర్చిల్ పేరున పదమూడు రూపాయలు. తర్వాత ఇంగ్లండు ప్రధాని అయిన ఆ చర్చిలే. మొండిబాకీలతో కుస్తీపట్టిన మావంటివాళ్ళకి ఆ పుట చూస్తే ఒక ఓదార్పు. కానీ గమనించవలసింది, ఆ అరువు చర్చిలుకు క్లబ్బులో దొరికింది. బయట ఉన్నవాడికి లోపలికి పోయే దారే లేదు.

*

మనకి అసలు పదిమంది ఇల్లే లేదా? ఉంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగే ఇద్దరు మిత్రులు, మంచనశర్మా టిట్టిభసెట్టీ, ఒక రూకకి పంచభక్ష్యాలు దొరికే పూటకూళ్ళ ఇంటికి పోతారు. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఇల్లు లేకపోతే కథ నడవదు. ఆ నాటకం 1909 ప్రతిలోనే గురజాడవారు సారా దుకాణం దగ్గర ఒక రంగం పెట్టారు. బైరాగి, హవల్దారు, దుకాణదారు కూర్చుని తాగుతూ వేదాంతం మాట్లాడతారు. ఎవరి మాట ఎవరైనా ఖండించవచ్చు. నవ్వు తెప్పించటానికి రాసిన ఆ రంగంలో గురజాడవారు ఒక సత్యం చూపించారు: పెద్దాచిన్నా కాసేపు సమానమయ్యే చోటు అది. ఆ చోటుకి గౌరవం లేదన్నదీ చూపించారు.

కల్లు సంగతి మరీ దగ్గరగా ఉంటుంది. తెలంగాణ పల్లెలో కల్లు మండువ చూసినవాళ్ళకి తెలుసు. చెట్ల కింద, పొద్దువాలే వేళ, లొట్టి మధ్యలో పెట్టుకుని, తాటాకు రేకల్లో పోసుకుంటూ ఊరి సంగతులు తేల్చుకుంటారు. కల్లు బలం ఇంచుమించు బీరుతో సమానం. ఇవాళ దించింది ఇవాళే తాగాలి. దాచటానికి లేదు, దూరం పంపటానికి లేదు. అందుచేత కల్లు స్వభావం చేతనే ఊరితో ముడిపడింది. హోగార్త్ గీసిన బీరు వీధికి మన ప్రతిరూపం ఇదే. ఆయన జిన్ను సందుకి ప్రతిరూపం సారా కొట్టు.

మరి మండువ పబ్బు ఎందుకు కాలేదు? చెట్టుకింద చోటు వెచ్చని గది ఎందుకు కాలేదు? చలి లేకపోవటం ఒక కారణమే. కులం ఇంకొక కారణం. మనవాళ్ళ దృష్టిలో తాగేవాడు పదిమందిలోవాడు కాదు. కానీ నా లెక్కలో ముఖ్యమైన కారణం ఆబ్కారీ వేలం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కిందా, నైజాంలోనూ, మైసూరులోనూ పద్ధతి ఇంచుమించు ఒకటే. ఏటా దుకాణాల హక్కును వేలం వేస్తారు. ఎక్కువ పాడినవాడిది దుకాణం. గడువు తీరగానే మళ్ళీ పాట. ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు జామీను రాసిచ్చిన ఇంగ్లీషువాడికీ, కలెక్టరు కచేరీలో పాటపాడిన మన కాంట్రాక్టరుకీ ఉన్న తేడా ఇక్కడుంది. అక్కడ ‘నీ ఇల్లు సవ్యంగా నడుస్తోందా’ అని అడిగారు. ఇక్కడ ‘ఎంతిస్తావు’ అని అడిగారు.

ఏడాదికే చేతిలో ఉండే దుకాణంలో ఎవడు కుర్చీ వేస్తాడు? గోడకి సున్నం కొట్టించటం కూడా దండగే. పాడిన సొమ్ము పన్నెండు నెలల్లో రాబట్టుకోవాలంటే దారి ఒక్కటే. త్వరగా తాగించాలి, ఎక్కువ తాగించాలి, అప్పుపెట్టి అయినా తాగించాలి. తాగినవాడు లేచిపోతేనే ఇంకొకడికి చోటు. కల్లుకన్నా సారా లాభం. నిలవ ఉంటుంది, రవాణాకి పనికొస్తుంది, గుక్కలో దిగుతుంది. సారా పాకెట్టయ్యాక ఆ పాక కూడా అక్కర్లేకపోయింది. జేబులో వేసుకుని ఇంటికే తెచ్చుకోవచ్చు. పదిమంది మధ్య తాగేవాడికి పదిమంది కళ్ళ అదుపు కొంత ఉంటుంది. ఇంటికొచ్చి తాగేవాడికి ఎదురుగా ఉండేది భార్య.

ఆ భార్యలే లేచారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1991-92లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు లోకానికి తెలిసింది. వాళ్ళు పట్టుకున్నది ఎక్కడో చూడండి, సరిగ్గా వేలం దగ్గర. 1992లో నెల్లూరులో సారా పాటల్ని జరగనివ్వలేదు. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. వ్యవస్థ ఆయువుపట్టు సీసాలో కాదు, పాటలో ఉందని ఏ ఆర్థికశాస్త్రం చదవకుండానే వాళ్ళు కనిపెట్టారు. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. ఖజానా తట్టుకోలేక 1997లో దాన్ని ఎత్తేశారు. కర్ణాటకలో సారా నిషేధం 2007లో వచ్చింది.

ఖజానా మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. మా మడివాళ మీదుగా పోయే హోసూరు రోడ్డు పట్టుకుని పోతే, హోసూరు దగ్గర తొరపల్లి అనే ఊరుంది. రాజాజీ పుట్టిన ఊరు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివిన ఆయన మద్రాసు ప్రధానిగా 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1938లో దాన్ని మన చిత్తూరు, కడప జిల్లాలకి విస్తరించారు. పోయిన ఆబ్కారీ ఆదాయం పూడ్చటానికి 1939లో అమ్మకపు పన్ను పెట్టారు. తరువాత దేశమంతా పాకిన ఆ పన్నుకి మూలం కల్లుకుండలో ఉంది. విచిత్రమేమిటంటే, కాలక్రమాన మద్యం తిరిగి వచ్చింది, అమ్మకపు పన్నూ నిలిచింది. ఆ మద్యం మీద ఆ పన్ను కూడా వేస్తున్నారు.

వేలం పోయిందా అంటే, వేషం మార్చింది. తెలంగాణలో వైను షాపులకి ఇప్పుడు రెండేళ్ళకొకసారి లాటరీ తీస్తున్నారు. దరఖాస్తుకే లక్షల్లో రుసుం, లాటరీ తగలకపోతే అది తిరిగి రాదు. షాపు పక్కన పర్మిట్ రూము. రెండేళ్ళ హక్కుకి కట్టిన గది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ గ్లాసు, తడి నేల, నిలబడి గుటుక్కున మింగి పోవటం. ఇంగ్లీషువాడి స్నగ్‌కీ మన పర్మిట్ రూముకీ మధ్య తేడా జాతి సంస్కారంలో ఉందని వాదించేవాళ్ళని నేను ఎరుగుదును. నాకు కనబడే తేడా లీజు గడువులో ఉంది.

*

బెంగళూరుకి పబ్బు దొరల కాలంలో రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయిన నలభై ఏళ్ళకి వచ్చింది. దండు రైలుస్టేషను దగ్గర డెవార్స్ బారు వంటివి ఒకటి రెండు, పేము కుర్చీలతో, పాతకాలపు తీరులో ఉండేవి. డెవార్స్ ఇప్పుడు లేదు. 1980ల రెండో సగంలో చర్చి స్ట్రీటు, బ్రిగేడ్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు చుట్టూ కొత్త పబ్బులు లేచాయి. చల్లని ఊరు, ఊళ్ళోనే బీరు కంపెనీ, నెలజీతాల కుర్రవాళ్ళు - మూడూ కలిసొచ్చాయి. పీపాలోంచి పట్టిచ్చే బీరు సీసా బీరుకన్నా చవక. 1989లో మొదలైన పెకోస్ వంటిచోట చెక్క బల్లలూ పాత ఇంగ్లీషు పాటలూ తప్ప ఆడంబరం లేదు. ఆ రోజుల్లో విద్యార్థి ఒక మగ్గు ముందు పెట్టుకుని సాయంకాలమంతా కూర్చోగలిగేవాడు. ఆర్వెల్ అడిగిన పదింటిలో నాలుగైదు అక్కడ దొరికేవేమో.

తర్వాత ఊరు మారింది. ఎలక్ట్రానిక్ సిటీ ఎదిగింది, హోసూరు రోడ్డు నిండింది, మడివాళ పల్లె కాస్తా బస్సుల కూడలి అయింది. అద్దెలు పెరిగిన చోట కుర్చీ ఖరీదు పెరుగుతుంది. కుర్చీ ఖరీదు పెరిగితే దానిలో కూర్చున్నవాణ్ణి తొందరగా లేపాలి, లేదా ఎక్కువ ఖర్చుపెట్టించాలి. సంగీతం హోరు పెంచటం రెండింటికీ పనికొస్తుంది. మాట వినబడని చోట మనిషి తాగటం తప్ప చేసేదేముంది? ఇప్పుడు ఇటుక గోడలూ నకిలీ దూలాలూ పెట్టి ‘ఓల్డ్ ఇంగ్లిష్’ అని రాసుకున్న చోట్లు చాలా ఉన్నాయి. 1990లలో ఐర్లండులో కొన్ని కంపెనీలు ఏకంగా పబ్బు లోపలి సరంజామా మొత్తం తయారుచేసి, ఓడలకెక్కించి దేశదేశాలకి అమ్మాయి. దూలం అమ్మవచ్చు. పేరుపెట్టి పలకరించేవాణ్ణి పెట్టెలో పెట్టి పంపలేరు.

ఇంతకీ మనకెందుకీ గొడవ అంటారా? శుక్రవారం రాత్రి మడివాళలో నిలబడి చూడండి. కర్నూలు, కడప, నెల్లూరు, హైదరాబాదు పోయే బస్సుల కోసం సంచులతో నిలబడ్డ తెలుగు పిల్లలు వందల్లో కనబడతారు. మిగతా రోజుల్లో వీళ్ళు పీజీ హాస్టళ్ళలో ఉంటారు. గదికి ముగ్గురు, నలుగురు. అక్కడ మంచముంది, కుర్చీ లేదు. ఆంధ్రా మెస్సులో అన్నం, పప్పు, గోంగూర కడుపునిండా పెడతారు. కానీ వెనుక ఒకడు నిలబడి ఉంటాడు, తిని లేవాలి. లేచి ఎక్కడికి పోవాలి? హోరెత్తే పబ్బుకి డబ్బు కావాలి. వైను షాపు దగ్గర కొని గదికి తెచ్చుకుంటే తక్కువలో పోతుంది. సారా పాకెట్టు ఇంటికి తెచ్చుకున్న తాతగారి కథే మనవడు రెండో భాగం రాస్తున్నాడు. ఈ ఊరు వదిలిపెట్టకుండా యాభై అరవై ఏళ్ళుగా ఉన్న మన పెద్దవాళ్ళ సంగతి వేరుగా లేదు. పార్కు బెంచీ తప్ప వాళ్ళకి చోటులేదు. ఒకే పేటలో ఉన్న ఈ ఇద్దరు తెలుగువాళ్ళూ ఒకరికొకరు తారసపడే గది లేదు.

ఇంగ్లండులోనూ పబ్బులు మూతపడుతున్నాయి. అయితే అక్కడ కొన్ని ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న పల్లె ఉంది. ఆ ఊళ్ళో ‘ఓల్డ్ క్రౌన్’ అనే పబ్బును 2003లో జనమే వాటాలు వేసుకుని సహకార సంఘంగా కొనుక్కున్నారు. 2011లో వచ్చిన చట్టం ప్రకారం, ఊరికి ముఖ్యమనుకున్న ఇంటిని జాబితాలో చేర్చి, అది అమ్మకానికొస్తే కొనటానికి ఊరివాళ్ళు గడువు అడగవచ్చు. అప్పటినుంచి ఆ దారిన నడిచిన పల్లెలు మరికొన్ని ఉన్నాయి. కొన్ని పబ్బుల్లో పోస్టాఫీసు, గ్రంథాలయం కూడా నడుస్తున్నాయి. యజమానీ ఖాతాదారూ ఒకడే అయినప్పుడు కుర్చీలోంచి ఎవరినీ లేపనక్కర్లేదు.

ఈ పని మనకి చేతకానిదేమీ కాదు. కాఫీ బోర్డువారు కాఫీ హౌసులు మూసేస్తుంటే, ఎ.కె. గోపాలన్‌గారి ప్రోత్సాహంతో పనివాళ్ళే సంఘం పెట్టుకుని వాటిని నడుపుకున్నారు. ఆ సహకార సంఘాల్లో మొట్టమొదటిది ఏర్పడింది మన బెంగళూరులోనే, 1957 ఆగస్టు 19న. మహాత్మాగాంధీ రోడ్డులో ఎన్నో ఏళ్ళున్న ఆ కాఫీ హౌసు, 2009లో అద్దె గొడవల మూలంగా ఆ చోటు వదిలి చర్చి స్ట్రీటుకి మారింది. పబ్బుల వీధిలో సహకార కాఫీ. ఒక కప్పు కాఫీ మీద గంటసేపు కూర్చున్నా లెమ్మనని ఇల్లు. ఇంగ్లీషు పబ్బులో నేను వెతికిన గుణం అదే. దానికి బీరే అక్కర్లేదని ఈ ఊరే రుజువు చేసింది.

మన తెలుగు సంఘాలు ఉగాదికి ఒకసారి పెద్ద హాలు అద్దెకి తీసుకుంటున్నాయి. సన్మానాలు, శాలువాలు, పులిహోర. మంచిదే. ఆ ఖర్చులో కొంత తీసి మడివాళలోనో మారుతీనగర్లోనో ఒక చిన్న గది, కనీసం పదేళ్ళ లీజుకి తీసుకోవచ్చు. పదేళ్ళని ఎందుకంటున్నానో పై లెక్క చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆరు బల్లలు, ఇరవై కుర్చీలు, నాలుగు తెలుగు పత్రికలు, చదరంగం బోర్డు, కాఫీ కాచేవాడొకడు. ఆడపిల్లలు భయపడకుండా వచ్చి కూర్చోగలగాలి. కన్నడం మాట్లాడే పక్కింటివాళ్ళకీ తలుపు తెరిచే ఉండాలి. వాటా నూరు రూపాయలైనా ఫరవాలేదు, వాటాదార్లు వందలమంది ఉంటే చాలు. లెక్కలు రాయటానికి నాబోటి బ్యాంకువాళ్ళు ఈ పేటలో కొదవలేదు.